ఉల్టా మర

మా నాయిన పని ప్యాంటుకు ఎడమ మోకాలి కింద జానెడు చిరుగు ఉంది. అమ్మ దాన్ని నల్లదారంతో కుట్టింది. మొన్న దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు దండెం మీద ఆరేసిన ఆ ప్యాంటు చూసి "ఇదెట్ల చినిగింది?" అని అడిగాను.

"తుమ్మ ముల్లు గీసుకుంది" అన్నాడు నాయిన.

అమ్మ గిన్నెలు తోముకుంటూ తల ఎత్తకుండానే అంది. "ముల్లు కాదు, మిషన్. చెయ్యి తీసినంక కూడ గొలుసు తిరుగుతనే ఉంటదట. మీ నాయిన చెప్పడు."

మిషన్ అంటే మా ఇంట్లో ఒక్కటే. చెట్లు కోసే మిషన్. మనం చైన్‌సా అంటాం చూడండి, అది. నేను మెకానికల్ మూడో సంవత్సరం. ఇంట్లో ఒక మిషన్ మా నాయిన కాలి దాకా వచ్చి ఆగిందని నాకు అమ్మ చెప్తే గానీ తెలియలేదు. ఆ సిగ్గు నుంచే ఈ కథ మొదలైంది.

మాది చౌటుప్పల్ నుంచి నారాయణపురం పోయే దారిలో ఒక చిన్న ఊరు. సంక్రాంతి పండగప్పుడు టీవీలో కార్ల బారు చూపిస్తారు కదా, ఆ పంతంగి టోల్‌గేట్ మా మండలమే. 2016 దాకా నల్లగొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి. జిల్లా పేరు మారింది గానీ నీళ్ల కథ మారలేదు. ఫ్లోరైడ్ నీళ్లంటే మా దిక్కే ముందు గుర్తొస్తుంది. మిషన్ భగీరథ పైలాన్‌ను 2015లో చౌటుప్పల్‌లోనే కట్టింది అందుకే. తాగే నీళ్లు నల్లా నుంచి వస్తున్నయి. చెల్కలకు మాత్రం బోరే దిక్కు.

మాకు రెండెకరాల బత్తాయి తోట ఉండేది. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మొదటి బోరు ఎండింది. ఇంకొకటి ఇంకా లోతుకు వేశాం. అది రెండు ఎండాకాలాలు పోసింది. మూడోదాంట్లో దుమ్మే వచ్చింది. బత్తాయి చెట్టు ఒక్క రోజులో చావదు. ముందు కొనలు ఎండుతాయి, తర్వాత కొమ్మలు, చివరికి మొదలు. అప్పు మీద అప్పు తెచ్చి ఇక లాభం లేదనుకున్నాక, నాయిన ఒక కోతమనిషిని పిలిపించి తోట కొట్టించాడు. ఆ మనిషి రెండు రోజుల్లో పని ముగించి, కూలి తీసుకుని పోయాడు. ఆ రెండు రోజులూ నాయిన గట్టు మీద కూర్చుని చూశాడు. నెల తిరక్క ముందే తానే ఒక చైనా మిషన్ కొనుక్కొచ్చాడు. 58 సిసి. అప్పటి నుంచి ఎండిన తోటలు, చెలకల్లో పెరిగిన సర్కారు తుమ్మ కోయడమే మా ఇంటి ఆదాయంలో సగం. నా హాస్టల్ ఫీజు కూడా అందులోంచే.

సరే, మిషన్ దగ్గరికి వద్దాం.

వాకిట్లో పెట్టి స్టార్ట్ చేశాను. నాయిన దూరం నుంచి "ఎనక హ్యాండిల్ల కాలు పెట్టి తొక్కిపట్టు, గాల్ల పట్టుకొని గుంజకు" అన్నాడు. నాలుగో గుంజుడుకు అందుకుంది. ట్రిగ్గర్ నొక్కాను, గొలుసు పరుగెత్తింది. వదిలేశాను. ఇంజన్ శబ్దం తగ్గింది గానీ గొలుసు ఆగలేదు. తీరుబడిగా, తనకేమీ పట్టనట్టు తిరుగుతూనే ఉంది. నాయిన చెట్టు కోసి, మిషన్ కిందికి దించి, పక్కకు జరిగేటప్పుడు ఏం జరిగి ఉంటుందో అర్థమైంది.

"క్లచ్ పోయింది" అని తేల్చేశాను. తేల్చడానికి నాకు ఆధారం ఉంది. డైనమిక్స్ ఆఫ్ మెషినరీలో సెంట్రిఫ్యూగల్ క్లచ్ చదివాను, ఇంటర్నల్‌లో మార్కులు కూడా వచ్చాయి. తెలియని బ్రాంచి వాళ్ల కోసం నాలుగు మాటల్లో చెప్తాను. ఇంజన్ షాఫ్ట్ కొనకు రెండో మూడో ఇనుప షూలు ఉంటాయి. వాటిని లోపలికి లాగిపట్టి స్ప్రింగులు ఉంటాయి. చుట్టూ గిన్నెలాంటి డ్రమ్ము, ఆ డ్రమ్ముకే గొలుసును తిప్పే పళ్లచక్రం. ఇంజన్ నెమ్మదిగా తిరిగితే స్ప్రింగు గెలుస్తుంది, షూలు లోపలే ఉంటాయి, డ్రమ్ము కదలదు. వేగం పెరిగితే షూలు బయటికి విసురుకొచ్చి డ్రమ్మును పట్టుకుంటాయి, గొలుసు తిరుగుతుంది. గేర్లు లేవు, క్లచ్ లివర్ లేదు. వేగమే లివర్.

దీని లెక్క అందంగా ఉంటుంది. ఒక షూ 60 గ్రాములు, దాని గురుత్వ కేంద్రం షాఫ్ట్ నుంచి 25 మిల్లీమీటర్ల దూరంలో ఉందనుకోండి. నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే అది బయటికి తోసే బలం దాదాపు 148 న్యూటన్లు, అంటే 15 కిలోల బరువంత. 9,000 చుట్లయితే వేగం మూడింతలు, బలం తొమ్మిదింతలు. 1,332 న్యూటన్లు. అరచేతిలో పట్టే ఇనుపముక్క 136 కిలోల బరువుతో డ్రమ్మును నొక్కుతుంది. ఇదంతా నాయినకు వాకిట్లో పుల్లతో గీసి చూపించాను. ఆయన అంతా విని, "అయితే ఇప్పుడు ఇప్పుతవా?" అన్నాడు.

కవర్, గైడ్‌బార్, గొలుసు తీశాను. అంత వరకు బాగానే ఉంది. క్లచ్‌ను పానాతో ఎడమవైపు తిప్పాను. ఏ బోల్టయినా ఎడమవైపు తిప్పితేనే కదా ఊడేది. షాఫ్ట్ మొత్తం తిరుగుతోంది గానీ క్లచ్ ఊడడం లేదు. ఉలి పెట్టి సుత్తితో కొట్టాను. షూ అంచు మీద గాటు పడింది గానీ అది కదల్లేదు. పిస్టన్ తిరగకుండా ఆపుదామని స్పార్క్ ప్లగ్ తీసి, ఆ రంధ్రంలోంచి స్క్రూడ్రైవర్ దూర్చబోయాను. నాయిన చెయ్యి పట్టుకున్నాడు.

"లోపల గీత పడితే?"

నా దగ్గర జవాబు లేదు. మిషన్‌ను గోనెసంచిలో కట్టుకుని, టీవీఎస్ మీద ఇద్దరం చౌటుప్పల్ పోయాం.

మేం పోయిన దుకాణానికి బోర్డు లేదు. బయట తైవాన్ పంపులు, గడ్డికోసే మిషన్లు వరుసగా పెట్టి ఉంటాయి. నడిపే ఆయన్ని అందరూ కాక అంటారు, నేనూ అదే అన్నాను. కాక మిషన్‌ను సంచిలోంచి తీసి, గాటు పడిన చోట వేలు పెట్టి రాసి, "ఎవలు కొట్టిన్రిది?" అన్నాడు.

"నేనే కాకా."

"ఏం చదువుతున్నవ్ కొడుకా?"

నేను చెప్పేలోపే నాయిన "ఇంజినీరింగు, మిషన్ల చదువే" అన్నాడు. ఆయన గర్వంగానే అన్నాడు. ఆ గర్వానికే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

కాక నవ్వలేదు. "ఇది ఉల్టా మర. ఊడాల్నంటే కుడిదిక్కు తిప్పాలె. నువ్వు కొట్టిందంతా బిగిచ్చుడే" అన్నాడు. ప్లగ్ రంధ్రంలోంచి ముడులేసిన మెత్తటి తాడు ముక్క లోపలికి పంపాడు. దానికి ముందు పిస్టన్‌ను కొంచెం పైకి తెచ్చి చూసుకున్నాడు. పొగ పోయే దారిని పిస్టన్ మూసేశాకే తాడు పెట్టాలి, లేకపోతే తాడు ఆ దారిలో ఇరుక్కుని తెగుతుంది. తాడు మెత్త మీద పిస్టన్ ఆగింది. పానా పెట్టి కుడివైపు ఒక్క దెబ్బ. క్లచ్ ఊడి చేతిలోకి వచ్చింది.

ఎందుకు ఉల్టా అన్నది అక్కడే నిలబడి ఆలోచించాను. క్లచ్ వైపు నుంచి చూస్తే ఇంజన్ కుడివైపు తిరుగుతుంది. గొలుసు చెట్టులో పడి బరువెక్కినప్పుడు క్లచ్ వెనక్కి, అంటే ఎడమవైపు గుంజబడుతుంది. మామూలు మర అయితే పని చేస్తూ చేస్తూనే ఊడిపోతుంది. ఉల్టా మర అయితే పని చేసేకొద్దీ బిగుస్తుంది. సైకిల్ ఎడమ పెడల్‌కు కూడా ఉల్టా మర ఉండేది ఊడిపోకుండా ఉండడానికే. ఎనిమిదో తరగతి నుంచి సైకిల్ తొక్కినవాణ్ని, ఎన్నోసార్లు పెడల్ బిగించినవాణ్ని. పుస్తకంలో బొమ్మ ఉంది, సూత్రం ఉంది. ఏ దిక్కు తిప్పాలన్నది మాత్రం నేను ఎప్పుడూ అడగలేదు.

డ్రమ్ము లోపల నీలిరంగు చార ఉంది. ఇది మాత్రం నాకు తెలుసు. ఉక్కు దాదాపు 300 డిగ్రీల దాకా వేడెక్కితే ఆ నీలం వస్తుంది, టెంపరింగ్ రంగుల పట్టికలో చదివాం. ఒక స్ప్రింగు విరిగి ఉంది, మిగిలినవి సాగిపోయి ఉన్నాయి. స్ప్రింగు లాగకపోతే షూ ఎప్పుడూ డ్రమ్మును రాసుకుంటూనే ఉంటుంది. గొలుసు ఆగకపోవడానికి కారణం దొరికింది. "స్ప్రింగులు మార్చేద్దాం కాకా" అన్నాను.

కాక స్ప్రింగులు తేలేదు. నాయిన దిక్కు తిరిగాడు.

"అన్నా, నిజం చెప్పు. దీని రేసు నువ్వు పెంచినవా?"

నాయిన కొంచెం ఆగి చెప్పాడు. వానాకాలమంతా పని లేదు, చేలల్లో పంటలున్నాయి, మిషన్ కొట్టంలో రేకుల కింద పడి ఉంది. బతుకమ్మకు ముందు తీస్తే ట్రిగ్గర్ వదలంగానే ఇంజన్ చచ్చిపోతోంది. ప్రతి కొమ్మకూ మళ్లీ గుంజాలి. భుజం నొప్పి. అందుకని పక్కనున్న చిన్న స్క్రూ తిప్పి రేసు పెంచాడు. ఇంజన్ చావడం ఆగింది. గొలుసు నెమ్మదిగా తిరగడం మొదలైంది. పని నడుస్తోంది కదా అని ఊరుకున్నాడు.

"క్లచ్చుది తప్పు కాదు కొడుకా. ముందుగాల పెట్రోలు దిక్కు చూడాలె, ఎన్క క్లచ్చు" అన్నాడు కాక.

ఆ తర్వాత గంటసేపు కాక చేసిన పని నేను ఏ ల్యాబ్‌లోనూ చూడలేదు. ముందు ప్లగ్ చూశాడు. నల్లగా తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు, లేత గోధుమరంగులో ఉంటే ఆరోగ్యం, తెల్లగా ఉంటే పెట్రోలు చాలట్లేదు. మాది తెల్లగా ఉంది. టూస్ట్రోక్ ఇంజన్‌కు విడిగా ఇంజన్ ఆయిల్ ఉండదు, పెట్రోల్లో కలిపిన నూనెతోనే లోపల తడి. పెట్రోలు తక్కువైతే నూనె కూడా తక్కువైనట్టే. ఇంకొన్ని రోజులు అట్లాగే నడిపితే పిస్టన్ పట్టేసేది.

ఎయిర్ ఫిల్టర్ తీశాడు. పొట్టు ఉంది గానీ గాలి ఆడుతోంది. అదీగాక గాలి ఆడకపోతే ప్లగ్ నల్లబడాలి, తెల్లబడదు. ట్యాంక్ మూత చూశాడు. ట్యాంకులోకి గాలి పోయే సన్న దారి మూసుకుంటే లోపల ఖాళీ ఏర్పడి పెట్రోలు రాదు. "ఇట్ల అనుమానమొస్తే మూత జర వదులు చేసి నడిపి చూడు, బాగ నడిస్తే రోగం మూతదే" అన్నాడు. నాయిన అది ముందే చేశాడట, తేడా రాలేదు. తర్వాత సన్నటి తీగను కొక్కెంలా వంచి ట్యాంకులోంచి పైపు బయటికి గుంజాడు. పైపు చివర గుండ్రటి ఫిల్టర్. తెల్లగా ఉండాల్సింది మట్టిరంగుకు తిరిగింది. ట్యాంకులో మిగిలిన పెట్రోలును గాజుసీసాలో పోసి వెలుతురుకు పెట్టాడు. కాసేపటికి అడుగున వేరే పొర తేరింది.

"క్యాన్ ఏడ పెట్టినవ్ అన్నా?"

"కొట్టంల. రేకు కారే జాగల" అన్నాడు నాయిన, తనకే అప్పుడు తెలిసినట్టు.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్లో ఇథనాల్ కలుస్తుంది. మన దేశంలో 20 శాతం ఇథనాల్ పెట్రోలు 2023 ఫిబ్రవరిలో బంకుల్లోకి రావడం మొదలైంది. ఇథనాల్‌కు నీళ్లంటే ఇష్టం. మూత వదులుగా ఉంటే తేమను పీల్చుకుంటుంది. నీళ్లు ఎక్కువైతే, ఆ నీళ్లూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కు దిగుతాయి. ట్యాంకులో పైపు పీల్చేది అడుగు నుంచే. రోజూ పెట్రోలు పోసి తిరిగే బండికి ఇది పెద్ద సంగతి కాదు. నాలుగు నెలలు పడుకునే మిషన్‌కు మాత్రం పెద్ద సంగతే.

చివరికి కార్బురేటర్ విప్పాడు. బైక్ కార్బురేటర్లో తేలే బుడ్డ ఉంటుంది, అది నిటారుగా ఉంటేనే పని చేస్తుంది. చైన్‌సాను పక్కకు, కిందికి, ఎటు పడితే అటు తిప్పి కోయాలి కాబట్టి దీంట్లో బుడ్డ ఉండదు. బదులుగా డయాఫ్రమ్ అనే పలుచటి పొరలు ఉంటాయి. ఒకటి ఇంజన్ లోపలి ఒత్తిడి కొట్టుకునే కొద్దీ ఊగుతూ పెట్రోలును తోడుతుంది. ఇంకొకటి ఒక సన్న లివర్‌ను నొక్కి, సూదిని లేపి, కావలసినంత పెట్రోలును లోపలికి వదులుతుంది. ఆ పొర మెత్తగా ఉండాలి. కాక మాది తీసి నా చేతిలో పెట్టాడు. వంచితే అప్పడం లెక్క చప్పుడు చేసింది.

ఇప్పుడు మొత్తం కథ వెనక నుంచి ముందుకు కనబడింది. పాత పెట్రోలు కూర్చుని పొరను గట్టిపరిచింది, ఫిల్టర్‌ను ముంచింది. పొర గట్టిపడితే పెట్రోలు చాలలేదు. చాలక ఇంజన్ చచ్చింది. చావొద్దని నాయిన రేసు పెంచాడు. రేసు పెరిగితే షూలు ఎప్పుడూ డ్రమ్మును రాశాయి. రాసి రాసి వేడెక్కాయి, స్ప్రింగులు సాగాయి, ఒకటి విరిగింది. విరిగాక గొలుసు ఆగలేదు. ఆగని గొలుసు ప్యాంటు దాకా వచ్చింది. నేను వాకిట్లో కూర్చుని చివరి మెట్టు మీద సుత్తితో కొడుతున్నాను. స్ప్రింగులు ఒక్కటే మార్చి ఉంటే నెల తర్వాత మళ్లీ అక్కడికే వచ్చేవాళ్లం.

కాక కార్బురేటర్ పొరల కిట్టు, ఫిల్టర్, స్ప్రింగులు మార్చాడు. డ్రమ్ము లోపలి సూదిబేరింగుకు కొంచెం గ్రీజు పెట్టాడు. నేను కొట్టి గాటు పెట్టిన షూను ఆకురాయితో సాపు చేశాడు. డ్రమ్ము నీలం పట్టినా పగుళ్లు లేవు, ఈసారికి ఉండనిమ్మన్నాడు. కొత్త పెట్రోలు నా చేతే కలిపించాడు. మా మిషన్‌కు లీటరుకు 40 మిల్లీలీటర్ల టూస్ట్రోక్ ఆయిల్. నాయిన ఇన్నాళ్లూ మూతతో అందాజకు పోసేవాడు. స్టార్ట్ చేసి, రెండు నిమిషాలు వేడెక్కనిచ్చి, స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చాడు.

"రేసు స్క్రూ మెల్లగ ఎడమకు తిప్పు. గొలుసు ఆగేదాక. ఇంజన్ చావొద్దు, గొలుసు కదలొద్దు. ఆ నడిమిట్ల ఉన్న జాగనే నీ చదువు."

కొంచెం కొంచెం తిప్పాను. గొలుసు నెమ్మదించింది, ఒకసారి కుదుపుతో కదిలింది, ఆగింది. ఇంజన్ టకటకమని నడుస్తూనే ఉంది. మళ్లీ ట్రిగ్గర్ నొక్కి వదిలాను. మళ్లీ ఆగింది. పదిసార్లు చేశాను. నాయిన పదిసార్లూ గొలుసునే చూశాడు. అన్నిటికీ కలిపి అయిన ఖర్చు ఒక రోజు కోత కూలి కన్నా తక్కువ.

వచ్చేటప్పుడు బండి నేను నడిపాను. మిషన్ ఒళ్లో పెట్టుకుని నాయిన వెనక కూర్చున్నాడు. దారిలో ఇరుపక్కలా సర్కారు తుమ్మలే. ఆ చెట్టు మన దేశానిది కాదు. ఎండిన నేలల్లో పచ్చదనం, వంటచెరకు వస్తాయని సర్కారు వాళ్లే పెంచారు, అందుకే ఆ పేరు. ఇప్పుడు దాన్ని కొట్టడమే మా నాయిన పని. మా పాత తోట పక్క నుంచి పోతున్నప్పుడు ఆయన, నన్ను అడుగుతున్నట్టు కాకుండా, తనలో తాను అన్నట్టు అన్నాడు.

"మనం బోర్లు కూడ గిట్లనే ఏసినం కదరా. నీళ్లు దిగినప్పుడల్ల ఇంకింత లోతుకు. రేసు పెంచినట్టు."

నేను ఏమీ అనలేదు. 2002లో వచ్చిన వాల్టా చట్టం గురించి ఒక సెమినార్లో విన్నాను. బోరు వేయాలన్నా, చెట్టు కొట్టాలన్నా అనుమతి కావాలని చెప్పేది అదొక్క చట్టమే. నీళ్లకు, నేలకు, చెట్లకు కలిపి ఒకటే చట్టం ఎందుకు చేశారో ఆ రోజు సెమినార్లో నాకు అర్థం కాలేదు. మా నాయిన ఆ చట్టం పేరు విన్నాడో లేదో గానీ, విషయం బండి మీదే చెప్పేశాడు. అయితే ఒక్కడి బోరు దగ్గర ఆగే సంగతి కాదిది. చుట్టూ అందరూ లోతుకు పోతుంటే ఒక్కడు ఆగినా అతని నీళ్లు ఆగవు. ఆ స్క్రూ ఎవరు వెనక్కి తిప్పాలన్నది నాకు ఇంకా తెలియదు.

ఇంట్లో కొన్ని మార్పులు చేసి హాస్టల్‌కు వచ్చాను. క్యాన్ ఇప్పుడు గట్టి మూతతో, ఇంట్లో, పొయ్యికి దూరంగా, నీడలో ఉంటుంది. దాని మీద కలిపిన తేదీ రాయాలి, నెల దాటితే ఆ పెట్రోలు మిషన్‌లో పోయొద్దు. వానాకాలం పని ఆగితే ట్యాంకు ఖాళీ చేసి, తనంతట తాను ఆగేదాకా మిషన్‌ను నడిపి పెట్టాలి. 40 మిల్లీలీటర్ల దగ్గర గీత పెట్టిన మందు మూత ఒకటి అమ్మ దాచి ఇచ్చింది. పొద్దున మిషన్ తీయగానే మొదటి పని, ట్రిగ్గర్ వదిలి గొలుసు ఆగుతుందా లేదా చూడడం. ఆగకపోతే ఆ రోజు పని లేదు. ఈ చివరి మాట మీద నాయినకు, నాకు కొంచెం వాదన అయింది. అమ్మ ఆ ప్యాంటు తెచ్చి మంచం మీద పెట్టింది. వాదన ముగిసింది.

మొన్న సోమవారం డీవోఎం క్లాసులో సార్ బోర్డు మీద సెంట్రిఫ్యూగల్ క్లచ్ గీశారు. షూ, స్ప్రింగు, డ్రమ్ము, బాణం గుర్తులు. "ఎనీ డౌట్స్?" అన్నారు. మామూలుగా నేను చెయ్యి ఎత్తను. ఆ రోజు ఎత్తి అడిగాను. "సార్, దీని మర ఏ దిక్కుకు ఉంటుంది?"

క్లాసంతా నవ్వింది. సార్ నవ్వలేదు. బోర్డు వైపు తిరిగి, కొంచెంసేపు ఆలోచించి, షాఫ్ట్ పక్కన ఇంకో బాణం గీయడం మొదలుపెట్టారు.